హాస్పిస్ రిసెప్షన్‌లో వాలంటీర్‌గా కూర్చోవాలంటే: మొదటి ఫోన్ నుంచి షిఫ్ట్ అప్పజెప్పేదాకా

ప్రతి శనివారం పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా నేను హైదరాబాద్‌లో ఒక హాస్పిస్ రిసెప్షన్‌లో కూర్చుంటా, మూడేళ్ళు దాటింది. నేనూ వస్తా, ఎలా చేరాలి, అక్కడ ఏం చేయాలి అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు, ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పేబదులు ఒకసారి కుదురుగా రాసేద్దామని కూర్చున్నా. ఇందులో కొంత సిస్టర్లు నేర్పింది, కొంత నేను తప్పు చేసి తెలుసుకున్నది.

ముందు హాస్పిస్ అంటే ఏంటో మీకు బాగా తెలిసుండాలి, ఎందుకంటే ఫోన్ ఎత్తిన ప్రతిసారీ దాన్ని ఇంకొకళ్ళకి మీరే చెప్పాలి. జబ్బు నయమయ్యే దశ దాటిపోయినవాళ్ళకి నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు లాంటి బాధలు తగ్గించి, ఉన్నన్నాళ్ళు కాస్త సుఖంగా ఉండేలా చూసే చోటు. కీమో ఇవ్వరు, ఐసీయూ ఉండదు, వెంటిలేటర్ ఉండదు. ఇప్పుడు చూస్తున్న ఈ పద్ధతి 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ మొదలుపెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌తో వచ్చింది, మన దేశంలో మొదటిది 1986లో ముంబైలో పెట్టిన శాంతి అవేదన సదన్. హైదరాబాద్‌లో 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్ ఉంది, రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ వాళ్ళు మొదలుపెట్టింది, పేషెంట్ల దగ్గర డబ్బు తీసుకోరు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్లో పాలియేటివ్ కేర్, అంటే ఇలా బాధలు తగ్గించే వైద్యం, దానికో విభాగం ఉంది, తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లో కూడా పాలియేటివ్ కేర్ సెంటర్లు పెట్టారు. బెంగళూరులో ఉండే మనవాళ్ళకైతే కరుణాశ్రయ అనే హాస్పిస్ దగ్గరవుతుంది.

చేరడం పెద్ద కష్టమేం కాదు. మీకు దగ్గర్లో ఉన్నదానికి ఫోన్ చేసి వాలంటీర్లని ఎవరు చూస్తారో కనుక్కుని వాళ్ళతో మాట్లాడండి, ఆధార్ కాపీ, ఫోటో, వారంలో ఏ రోజు ఎన్ని గంటలు ఇవ్వగలరో చెప్తే ఒకటి రెండు రోజులు అన్నీ చూపించి కూర్చోబెడతారు. ఒక మాట మాత్రం, వారానికి నాలుగు గంటలే ఇవ్వగలిగితే నాలుగే చెప్పండి, మొదట్లో ఉత్సాహంగా రోజూ వస్తానని చెప్పి రెండు నెలలకి మానేస్తే ఆ డెస్క్ ఖాళీగా ఉంటుంది, వార్డులో ఉండాల్సిన సిస్టర్ వచ్చి ఫోన్లు ఎత్తాల్సొస్తుంది. ఇంకోటి, మీ ఇంట్లోనే ఈ మధ్య ఎవరైనా పోయుంటే కొన్నాళ్ళు ఆగి చేరండి, కొన్ని చోట్ల ఏడాది ఆగమనే చెప్తారు, అందులో న్యాయం ఉంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక విషయం, అక్కడ మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) తీసుకునే హాస్పిస్‌లు పేషెంట్ కేర్ గంటల్లో కనీసం 5 శాతానికి సమానంగా వాలంటీర్లతో పని చేయించుకోవాలని రూలే ఉంది, డెస్క్ పని, ఆఫీసు పని కూడా ఆ లెక్కలోకి వస్తాయి, కాబట్టి మీరు అడిగితే సంతోషంగా తీసుకుంటారు, కాకపోతే బ్యాక్‌గ్రౌండ్ చెక్, టీబీ టెస్ట్ లాంటివి ఉంటాయి. పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడే మంచాన పడిన మన పెద్దవాళ్ళకి తెలుగు మాట్లాడే మనిషి ఒకరు కనిపిస్తే ఎంత ధైర్యమో నేను వేరే చెప్పక్కర్లేదు.

మొదటి రోజు డెస్క్ దగ్గర కూర్చోగానే చేయాల్సింది

కంప్యూటర్ తర్వాత చూసుకోవచ్చు. ముందు లేచి వార్డంతా ఒకసారి తిరిగి రండి. బాత్రూమ్ ఎక్కడ, మంచినీళ్ళు ఎక్కడ, వీల్‌చైర్ ఎక్కడ పెడతారు, పూజ చేసుకోవడానికో నమాజ్‌కో ప్రేయర్‌కో ఏదైనా గది ఉందా, అటెండెంట్లు వండుకునే చోటుందా, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ మీకు కళ్ళు మూసుకుని చెప్పేంత తెలియాలి. తర్వాత సిస్టర్ దగ్గర కూర్చుని ఇవాళ ఏ బెడ్‌లో ఎవరున్నారు, ఎవరికి సీరియస్‌గా ఉంది, ఏ పేషెంట్‌కి తన జబ్బు సంగతి తెలీదు అనేది రాసుకోండి. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకో కింద చెప్తా.

డెస్క్ మీద టిష్యూల డబ్బా, మంచినీళ్ళ బాటిల్, గ్లాసులు, రాసే పెన్ను రెండు మూడు ఉంచుకోండి. కుర్చీలు డెస్క్‌కి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా వేయించండి, ఏడ్చేవాళ్ళని వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుంటే వాళ్ళకి ఇంకా కష్టం.

ఫోన్

మీ పనిలో సగం ఫోనే. ఎక్కువసార్లు వినే మాట ఒకటుంది, "చివరి స్టేజ్ అన్నారండి, ఇంటికి తీసుకెళ్ళిపోమన్నారు" అని. అలా చెప్పేసి అవతలి మనిషి ఆగిపోతారు, ఎందుకంటే తర్వాత ఏం అడగాలో వాళ్ళకీ తెలీదు. మీరు వెంటనే "పేరు చెప్పండి, వయసెంత" అని మొదలెట్టకండి. "అయ్యో, ఇప్పుడు ఎలా ఉన్నారండీ, నొప్పి బాగా ఉందా" అని అడగండి, ఆ ఒక్క ప్రశ్నకి వాళ్ళు ఐదు నిమిషాలు చెప్తారు, అందులోనే మీకు కావాల్సినవి ముప్పావు వంతు వచ్చేస్తాయి. మిగిలినవి తర్వాత నెమ్మదిగా అడిగి రాసుకోండి: పేషెంట్ పేరు, వయసు, ఇప్పుడు ఎక్కడున్నారు, ఏ హాస్పిటల్లో చూపించారు, తింటున్నారా, నడుస్తున్నారా, పుండు ఏమైనా ఉందా, ఆక్సిజన్ పెట్టారా, మాట్లాడుతున్నది వరసకి ఏమవుతారు, నంబర్. చివర్లో మర్చిపోకుండా "పెద్దాయనకి జబ్బు సంగతి తెలుసా అండీ" అని అడిగి అది కూడా రాయండి.

ఏం తెచ్చుకోవాలో చెప్పేటప్పుడు గబగబా చెప్పేయకుండా వాళ్ళు రాసుకునేదాకా ఆగండి. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్ట్, చివరిగా తీసిన స్కాన్, డాక్టర్ లెటర్ ఉంటే లెటర్, వాడుతున్న మందులన్నీ, ఆధార్, పేషెంట్‌తో పాటు ఉండే ఒక మనిషి. బెడ్ ఖాళీ ఉందో లేదో మీరంతట మీరు చెప్పొద్దు, డాక్టర్ చూసి చెప్పాలి, మీరు ఉంది రండి అన్నాక వాళ్ళు ఖమ్మం నుంచో కర్నూలు నుంచో అంబులెన్స్ కట్టించుకుని వచ్చాక లేదంటే ఆ మనిషి గేటు దగ్గర ఏమైపోవాలి. బెడ్ లేకపోతే ఇంటికొచ్చి చూసే టీమ్ ఉందేమో చెప్పండి, ఏ రోజు ఏ ఏరియాలకి వెళ్తారో ఒక కాగితం మీద రాయించుకుని గోడకి అంటించుకోండి.

"అమ్మకి 82, చూసుకునేవాళ్ళు లేరు, చేర్చుకుంటారా" అనే ఫోన్లూ వస్తాయి. ఇది వృద్ధాశ్రమం కాదండీ అని పెట్టేయకండి, పెద్దవాళ్ళ కోసం 14567 అని కేంద్రం నడిపే హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరివ్వండి. మార్ఫిన్ (బాగా ఎక్కువ నొప్పికి ఇచ్చే మందు) దొరుకుతుందా అని అడిగేవాళ్ళని సిస్టర్‌కో డాక్టర్‌కో కలపండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దానికి లైసెన్సు, రిజిస్టరు, తాళం అన్నీ ఉంటాయి, 2014లో చట్టం మార్చాక కొంచెం సులువైంది గానీ ఇప్పటికీ ప్రతి మాత్రకీ లెక్క రాయాల్సిందే. ఎంత స్టాక్ ఉంది, ఎక్కడ పెడతారు అనేది డెస్క్ దగ్గర నోరెత్తొద్దు. అలాగని మార్ఫిన్ అంటే చివరి మందు, అది ఇస్తే ఇక అంతే అని భయపడేవాళ్ళకి "నొప్పికి ఇచ్చే మందండీ, డాక్టర్‌గారు మీకు వివరంగా చెప్తారు" అని ధైర్యం చెప్పండి, ఆ భయంతో మందు వేయకుండా నొప్పితో అల్లాడనిచ్చిన ఇళ్ళు నాకు తెలుసు.

జబ్బు సంగతి తెలియని పేషెంట్, తెలిసిన ఇంట్లోవాళ్ళు

నేను చేరిన మొదటి నెలలో ఒక పెద్దాయన్ని కొడుకు వీల్‌చైర్‌లో తీసుకొచ్చాడు. నేను మామూలుగా "బయాప్సీ రిపోర్ట్ ఇవ్వండి" అన్నా. ఆ పెద్దాయన తల తిప్పి కొడుకుని "ఏం రిపోర్ట్‌రా అది" అని అడిగారు. ఆ అబ్బాయి మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేను, నాలుగు నెలలుగా పేగు పుండు అని చెప్పుకొస్తున్నాడట. ఆ రోజు నుంచి నేను డెస్క్ దగ్గర "పాత ఫైలు ఇవ్వండి" అంటా, అంతే. క్యాన్సర్, స్టేజ్, బయాప్సీ, టెర్మినల్, ఈ మాటలేవీ పేషెంట్ వినేలా అనను.

మన ఇళ్ళల్లో ఇది చాలా మామూలు, చెప్తే తట్టుకోలేరని దాస్తారు, వాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయి వాళ్ళూ పిల్లల కోసం తెలీనట్టు ఉంటారు. దీన్ని విప్పడం డాక్టర్, కౌన్సెలర్ చేసే పని, మీది కాదు. మీరు చేయాల్సిందల్లా రెండే, సంగతి బయటపెట్టొద్దు, అలాగని అబద్ధమూ చెప్పొద్దు. "ఇక్కడికొచ్చినవాళ్ళు మళ్ళీ ఇంటికెళ్తారా అమ్మా" అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది. నేను "నొప్పి తగ్గాక వెళ్ళినవాళ్ళు ఉన్నారు పెద్దమ్మా, మీ సంగతి డాక్టర్‌గారు చెప్తారు, ఆయన్ని పిలవనా" అన్నా. అది నిజమే, బాధలు అదుపులోకి వచ్చాక చాలామంది ఇంటికి వెళ్తారు. "మీకేం కాదు, తగ్గిపోతుంది" అనే మాట మాత్రం ఎంత నోటిదాకా వచ్చినా మింగేయండి.

విజిటర్స్

మామూలు హాస్పిటల్‌లా టైమింగ్స్ గీసుకుని కూర్చుంటే ఇక్కడ కుదరదు. ఊరి నుంచి తుఫాన్ బండి మాట్లాడుకుని పదిహేనుమంది దిగుతారు, చివరిచూపు చూడ్డానికి. గుంపుగా వచ్చారేంటి అనకండి, వాళ్ళు తెల్లవారుజామున బయల్దేరి వచ్చారు. అందర్నీ కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, ముందు పేషెంట్ దగ్గరికెళ్ళి ఎవర్ని చూడాలనుందో సిస్టర్‌తో అడిగించి, ముగ్గురేసి చొప్పున పంపండి. చిన్నపిల్లల్ని ఆపకండి, మనవడ్ని చూడాలని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేవాళ్ళు లోపలున్నారు. తినడానికి తెచ్చింది, అది ఆవకాయన్నమైనా మటన్ కూరైనా, వద్దని మీరు చెప్పకండి, తినిపించొచ్చా అని సిస్టర్‌ని అడగమనండి, మింగడం కష్టమైనవాళ్ళకి గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైంది డెస్క్ ముందు జరిగే గొడవ. ఎప్పుడూ రాని మేనత్తో పెద్దకోడలో వచ్చి, ఆర్నెల్లుగా రాత్రింబగళ్ళు చేసిన పిల్లని పట్టుకుని "పెద్ద హాస్పిటల్లో పెట్టకుండా ఇక్కడ పడేశారా" అని అందరిముందూ అరుస్తుంది. మీరు ఎవరి తరఫునా మాట్లాడకండి. అరిచేవాళ్ళని "అమ్మా, రండి, ఇలా కూర్చోండి, మీకు డాక్టర్‌గారితో మాట్లాడిస్తా" అని వేరే గదిలోకి తీసుకెళ్ళి కౌన్సెలర్‌ని పిలవండి. తర్వాత ఆ పిల్ల దగ్గరికెళ్ళి కాసేపు కూర్చోండి, టీ తాగావా అని అడగండి. చేసినవాళ్ళనే నలుగురూ అంటారు, ఆ పూట ఆ పిల్లకి టీ తాగావా అని అడిగేది బహుశా మీరొక్కరే అయ్యుంటారు.

పుట్టినరోజుకో తద్దినానికో భోజనాలు పెట్టిస్తామని వచ్చేవాళ్ళు ఉంటారు, మంచిదే, పేరు తేదీ రాసుకోండి, పేషెంట్లతో ఫోటోలు మాత్రం వద్దని మర్యాదగా చెప్పండి. విరాళం క్యాష్‌లో 2,000 రూపాయలు దాటి ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు రాదు, యూపీఐయో చెక్కో అయితే మంచిదని ముందే చెప్పి పాన్ నంబర్ తీసుకోండి.

ఎవరైనా పోయిన రోజు

ఇది మీ షిఫ్ట్‌లో జరుగుతుంది, ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా జరుగుతుంది. లోపల్నుంచి సిస్టర్ ఫోన్ చేసి బెడ్ నంబర్ చెప్తుంది. మొట్టమొదట టైమ్ అడిగి రాసుకోండి, డాక్టర్ చెప్పిన టైమ్, గంటలూ నిమిషాలతో సహా. సుమారుగా తొమ్మిదిన్నర అని రాయకండి. మనవాళ్ళు ఆ టైమ్ పట్టుకుని పంతులుగారికి ఫోన్ చేస్తారు, తిథి ఏంటి, నక్షత్రం ఏంటి, ధనిష్ఠా పంచకం తగిలిందా, ఇల్లు వదలాలా అని, మీరు పావుగంట అటూఇటూ చెప్తే ఒక కుటుంబం నెలల తరబడి ఇల్లు విడిచి ఉండాల్సి రావచ్చు. మీకు నమ్మకం ఉందా లేదా అనేది ఇక్కడ విషయం కాదు.

అదే సమయానికి బయట ఉన్న కూతురు ఫోన్ చేసి "నాన్న ఎలా ఉన్నారండీ" అని అడగొచ్చు. బాగున్నారు అనొద్దు, పోయారనీ మీరు చెప్పొద్దు. "ఒక్క నిమిషం అమ్మా, డాక్టర్‌గారికి ఇస్తున్నా" అని లైన్ కలపండి. గొంతు మామూలుగా ఉంచుకోవడం కష్టమే, ఆ వాక్యం ఒక్కటి ఇంట్లో నాలుగుసార్లు పైకి అనుకుని ప్రాక్టీస్ చేయండి, నేను చేశా.

బాడీ అనకండి. నాన్నగారిని, అమ్మని, అన్నయ్యని అనే అనండి, "నాన్నగారిని ఎక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నారు" అని. హైదరాబాద్‌లో అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి ఇది పెద్ద బాధ, ఓనర్ లోపలికి తేవొద్దంటాడు, సొంతూరు మూడొందల కిలోమీటర్లు, పెద్దకొడుకు ఇంకా దుబాయ్‌లో ఫ్లైట్ ఎక్కలేదు. అందుకే ఒక నోట్‌బుక్‌లో అంబులెన్సులు, ఫ్రీజర్ బాక్స్ ఇచ్చేవాళ్ళు, దగ్గర్లో శ్మశానం, కబరస్తాన్, చర్చి నంబర్లు రాసి పెట్టుకోండి, నెలకోసారి ఫోన్ చేసి పనిచేస్తున్నాయో లేదో చూడండి, అంబులెన్స్ వాళ్ళు కిలోమీటర్‌కి ఎంత తీసుకుంటున్నారో కూడా రాయండి, ఆ టైమ్‌లో బేరమాడే ఓపిక ఎవరికుంటుంది. మీ దగ్గర ఎన్ని గంటలు ఉంచనిస్తారో ముందే కనుక్కోండి. ముస్లిం కుటుంబమైతే ఖననం ఆలస్యం కాకూడదు, వాళ్ళ కాగితాలు ముందు కదిలించండి.

కళ్ళు దానం చేస్తామని వాళ్ళంతట వాళ్ళు అడిగితే టైమ్ తక్కువ, ఆరు గంటల్లోపు జరగాలి. ఫ్యాన్ ఆపి, కనురెప్పలు మూసి, తడి దూది పెట్టమని సిస్టర్‌కి చెప్పి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని రామాయమ్మ ఐ బ్యాంక్‌కి ఫోన్ చేయండి. క్యాన్సర్ ఉంటే పనికిరావు అనుకుని చాలామంది అడగనే అడగరు, బ్లడ్ క్యాన్సర్ లాంటి కొన్ని తప్పిస్తే చాలావరకు తీసుకుంటారు, తీసుకోవాలా వద్దా అనేది ఐ బ్యాంక్ వాళ్ళే చెప్తారు.

ఇక కాగితం. డెత్ సర్టిఫికెట్ కోసం 21 రోజుల్లోపు రిజిస్టర్ అవ్వాలి, హాస్పిస్‌లో పోతే ఆ వివరాలు పంపేది హాస్పిసే, ఫామ్‌లో పేరు నింపేది చాలాచోట్ల డెస్క్ దగ్గర మీరే. ఆధార్ ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి రాయండి. ఇంటిపేరు ముందా వెనకా, లక్ష్మి చివర ఐయా వైయా, తండ్రి పేరా భర్త పేరా, ఊరు మండలం. రాశాక ఇంట్లోవాళ్ళలో కాస్త నిబ్బరంగా ఉన్నవాళ్ళని పిలిచి చదివించి సంతకం తీసుకోండి. ఒక్క అక్షరం తేడా వస్తే వితంతు పెన్షన్, ఎల్ఐసీ, బ్యాంకు, పొలం పాస్‌బుక్ అన్నీ ఆగిపోతాయి, ఒకావిడ మొగుడి పేరులో ఒక అక్షరం దిద్దించుకోవడానికి ఏడెనిమిదిసార్లు తిరిగింది, కూలిపని మానుకుని.

వాళ్ళు వెళ్ళేటప్పుడు లేచి నిలబడండి, గేటు దాకా వెళ్ళండి. మామూలుగా మన నోటికి వచ్చే "మంచిదండీ, మళ్ళీ రండి" ఆ రోజు రాకూడదు. వాళ్ళూ వెళ్ళొస్తాం అనరు, మన దగ్గర చావు జరిగిన చోట ఎవరూ చెప్పి వెళ్ళరు, ఊరికే వెళ్ళిపోతారు, దాన్ని మనం ఇంకోలా అనుకోకూడదు. చేతులు జోడించి నిలబడితే చాలు.

ఇంటికెళ్ళాక

మా అత్తయ్య మొదట్లో మైల అని బాధపడేది, నేను ఇంటికెళ్ళగానే తలస్నానం చేసి లోపలికి వెళ్తా, ఆవిడకీ మనశ్శాంతి, నిజానికి నాకూ ఆ నీళ్ళతో కొంత బరువు దిగుతుంది. అక్కడ ఎవరున్నారు, ఎవరు పోయారు అనేది ఇంట్లో కూడా చెప్పను, మన కాలనీ ఆయన అక్కడున్నాడటగా అని అడిగితే "నేను చెప్పకూడదండీ" అని ఊరుకుంటా. మీకు నిద్ర పట్టకపోయినా అన్నం సహించకపోయినా దాచుకోకుండా కోఆర్డినేటర్‌కి చెప్పండి, రెండు వారాలు సెలవు తీసుకోండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. ఆ నంబర్ అటెండెంట్లకి కనిపించేలా బోర్డు మీద కూడా రాసి పెట్టండి.

షిఫ్ట్ దిగేముందు తర్వాత వచ్చేవాళ్ళకి నోటితో చెప్పి ఊరుకోకుండా రిజిస్టర్‌లో రాసి అప్పజెప్పండి. పోయిన శనివారం నేను రాసింది ఇది: 4వ బెడ్ అమ్మగారికి సంగతి తెలీదు, చెల్లెలికి తెలుసు. 7వ బెడ్ వాళ్ళకి సాయంత్రం భోజనం ఇద్దరికి చెప్పాను. 9వ బెడ్ సార్ కొడుకు డల్లాస్ నుంచి వస్తున్నాడు, రాత్రి 2:40కి శంషాబాద్‌లో దిగుతాడు, వాచ్‌మన్‌కి పేరు చెప్పాను, గేటు తీసి నేరుగా పైకి పంపాలి, రిజిస్టర్‌లో సంతకం పొద్దున పెట్టించుకోవచ్చు.